ఆరో అడ్డరోడ్డు

నెప్ట్యూన్ గ్రహం ఆరు వారాల పాటు మా వంటింటి కిటికీ గట్టు మీదే ఉంది. అదొక ఉల్లిపాయ. టీచరు ఇచ్చిన తీగ చుట్టను చేతిలో పట్టుకుని, దుకాణంలో ఉల్లిపాయలన్నీ దొర్లించి, అందులో సరిగ్గా పట్టేదాన్ని నా కూతురు బ్రిన్ ఏరుకుంది. ఇంటికి తెచ్చి కేకుల్లో కలిపే నీలం రంగు పూసింది. మూడో వారానికి దానికి మొలక వచ్చింది. ఇంకోటి కొందామంటే ఒప్పుకోలేదు.

"ఇంత పెద్దది మళ్ళీ దొరకదమ్మా. పదిన్నర సెంటీమీటర్లుండాలి. లేకపోతే అది నెప్ట్యూన్ కాదు, ఒట్టి ఉల్లిపాయే."

"మరి గ్రహానికి మొలకొస్తే ఫర్వాలేదా?"

"ఎవరైనా అడిగితే తుఫాను లేచిందని చెప్తా. అక్కడ గాలి ఎంత జోరుగా ఉంటుందో నీకు తెలుసా?"

నాకు తెలియదు. పదో తరగతి మధ్యలో బడి మానేశాను. అప్పటికి నాకు పదహారేళ్ళు, బ్రిన్ నా కడుపులో ఉంది. మా బడి గోడ మీది పాత పటంలో గ్రహాలు తొమ్మిది ఉన్నట్టు గుర్తు. బ్రిన్ మాత్రం ఎనిమిదే అంది. ఒకటి ఎక్కడికి పోయిందే అని అడిగితే, "అది మిగతా వాటిలా లేదని జాబితాలోంచి తీసేశారు" అంది, రొట్టె నములుతూ.

ఆ మాట నాకు రోజంతా గుచ్చుకుంది. ఎందుకంటే ఆ ఏడు నా బ్రిన్‌ను కూడా బడిలోంచి తీసేసే మాట నడుస్తోంది.

బ్రిన్‌కు ఎనిమిదేళ్ళు. ఇంట్లో గలగలా మాట్లాడుతుంది. బడి మెట్లెక్కితే నోరు పెగలదు. మొండితనం కాదు, గొంతులో ఏదో తలుపు పడిపోతుందట, దానంతటది తెరుచుకోదట. బ్రిన్ నాకు చెప్పిన మాటే ఇది. దాహం వేస్తే గ్లాసు చూపిస్తుంది. టీచరు అడిగితే జవాబు రాసి చూపిస్తుంది. ఒకసారి తలుపు సందులో వేలు పడి నలిగితే కూడా దాని నోట్లోంచి ఏడుపు రాలేదు. ఆరో తరగతి పిల్లలు చదివే పుస్తకాలు చదువుతుంది. అయినా బళ్ళను చూసే బోర్డువాళ్ళు, మాట్లాడని పిల్లకు పరీక్ష పెట్టలేం, పరీక్ష పెట్టలేని పిల్లను మామూలు తరగతిలో ఉంచలేం అన్నారు. డెబ్బై మైళ్ళ అవతల పెద్ద ఊళ్ళో వేరే తరగతి ఒకటి ఉంది. పొద్దున ఆరింటికి బస్సు. అక్కడ పిల్లలకు ఇంకా అక్షరాలే నేర్పుతున్నారు.

"ఒక్క వాక్యం, జనెల్," అంది మిసెస్ ఓల్ఫర్ట్. మా ఊరు టాన్సెల్ బడిలో ఒకటి నుంచి ఆరు దాకా అన్ని తరగతులకూ ఆవిడే టీచరు, అందరూ కలిపి పద్నాలుగు మంది పిల్లలు. "ఇంట్లోవాళ్ళు కాని మనిషి ముందు ఒక్క వాక్యం మాట్లాడితే చాలు. దాన్ని పట్టుకుని నేను బోర్డుతో పోట్లాడతా. గ్రహాల రోజున వాళ్ళ మనిషిని పిలుస్తున్నాను. బ్రిన్‌కు నెప్ట్యూన్ ఇస్తున్నాను."

గ్రహాల రోజు అంటే మా ఊళ్ళో ఏడాదికోసారి, కోతలయ్యాక వస్తుంది. ఆ నెల మొదటి రోజున మిసెస్ ఓల్ఫర్ట్ గ్రహాల పటాన్ని గోడకేసి తిప్పేస్తుంది. "ఇది అబద్ధాల పటం. గ్రహాలన్నీ పూసల్లా పక్కపక్కనే కూర్చున్నట్టు వేశాడు. అంత దగ్గరగా ఉంటే ఒకదాని తల ఒకటి దువ్వుకునేవి" అంటుంది. పిల్లలు నవ్వుతారు. తర్వాత బడి గోడ మీద సుద్దతో మూడు మీటర్ల గుండ్రం గీస్తుంది. అది సూర్యుడు. ఆ లెక్కన బుధుడు ఒక శనగగింజ. భూమి మా పెరట్లో కాసే పుల్ల ఆపిల్. గురుగ్రహం గుమ్మడికాయ, శనిగ్రహం క్యాబేజీ, యురేనస్ బీట్‌రూట్. వీటిని పుల్లలకు గుచ్చి, బడి ముందు నుంచి ఉత్తరానికి పోయే కంకర రోడ్డు మీద ఎంతెంత దూరంలో ఉండాలో అంతంత దూరంలో పిల్లలు నిలబడతారు. భూమి బడికి కూతవేటు దూరంలోనే ఉంటుంది. గుమ్మడికాయ మైలు దగ్గర. నెప్ట్యూన్ ఆరు మైళ్ళ దగ్గర.

తొమ్మిది గంటలకు సూర్యుడి దగ్గర లాంతరు వెలిగిస్తారు. పెద్ద పిల్లలు దాన్ని చేతులు మార్చుకుంటూ నడుస్తారు. "ఈ కొలతలో వెలుగు ఎంత వేగంగా పోతుందో తెలుసా?" అని మిసెస్ ఓల్ఫర్ట్ ప్రతి ఏడూ అడుగుతుంది. "మీరు బడికి ఆలస్యంగా వచ్చేటప్పుడు ఎంత వేగంగా నడుస్తారో అంతే." లాంతరు వచ్చిన ప్రతి చోటా దాన్ని మోసే పిల్ల, "సూర్యుడి దగ్గర్నుంచి వెలుగు తెచ్చాను, ఇక్కడెవరున్నారు?" అని అడగాలి. గ్రహం జవాబు చెప్పాలి. గ్రహం మాట్లాడే దాకా వెలుగు కదలకూడదు. అదీ నియమం.

"మరి నెప్ట్యూనే ఎందుకు? అంత దూరం?" అన్నాను నేను.

"దూరమనే. అక్కడ జనం ఉండరు. లాంతరు పట్టుకున్న మరీసా, నేను, ఆ బోర్డు ఆవిడ, అంతే. మిగతా పిల్లల్ని బస్సులో కూర్చోబెడతా. గోడలు లేవు, తలుపుల్లేవు. బ్రిన్‌కు ఊపిరాడే చోటు. నువ్వు కాస్త ముందుగా తీసుకెళ్ళి చోటు అలవాటు చెయ్యి. ఒంటిగంటా పదికి వెలుగు వస్తుంది. దారి తెలుసుగా?"

"ఉత్తరానికి తిన్నగా ఆరు మైళ్ళేగా," అన్నాను.

ఆవిడ ఇంకేదో చెప్పబోయింది. నేను తల ఊపుతూనే ఉన్నాను. పెద్ద చదువులవాళ్ళ ముందు ఏదీ రెండోసారి అడగను నేను. అడిగితే నా పదో తరగతి బయటపడుతుందని.

ఆరు వారాలు సాధన చేశాం. నేను చెక్క గరిటెను లాంతరులా పైకి పట్టుకుని అడిగేదాన్ని.

"సూర్యుడి దగ్గర్నుంచి వెలుగు తెచ్చాను, ఇక్కడెవరున్నారు?"

బ్రిన్ కుర్చీ మీద నిటారుగా నిలబడేది. "నేను నెప్ట్యూన్‌ని. నువ్వు నాలుగు గంటల పది నిమిషాలు నడిచొచ్చావు. నా తర్వాత ఇంకెవరూ లేరు. లాంతరు ఇక్కడ పెట్టు."

మొదట నాతో. తర్వాత మా కుక్కతో. తర్వాత ఉత్తరాన గనిలో పని చేసే వాళ్ళ నాన్న డేల్‌తో ఫోన్లో. ఆఖరి వారం పక్కింటి ముసలావిడ వాకిట్లో బట్టలు తీసుకుంటుంటే, కిటికీ తెరిచి, ఆవిడకు వినబడీ వినబడనట్టు చెప్పింది. ఆవిడ వెనక్కి తిరిగి, "ఎవరమ్మా?" అంది. బ్రిన్ కిందికి ఒదిగిపోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. వస్తుంది, మాట వస్తుంది అనుకున్నాను.

గ్రహాల రోజున, ఒంటిగంటకు రమ్మంటే నేను ఎనిమిదిన్నరకే బయలుదేరాను. టైరు పేలితేనో, మంచు పడితేనో, ఇంకేదైనా అయితేనో అని. నాకు ప్రతిదానికీ అలాగే ఉంటుంది. ఫ్లాస్కులో వేడి చాక్లెట్ పోసుకున్నాం, డబ్బాలో బంగాళదుంప కూరి ఉడికించిన పెరోగీలు. బడి ముందు నుంచి వెళ్తుంటే మిసెస్ ఓల్ఫర్ట్ గోడ మీద సూర్యుణ్ణి మళ్ళీ దిద్దుతూ సుద్ద చేత్తోనే చెయ్యి ఊపింది.

మా పికప్‌లో మైళ్ళు చూపించే మీటరు ఏడాదిగా పని చేయదు. దాని అవసరం నాకెప్పుడూ పడలేదు. నేను పుట్టిపెరిగింది పక్క రాష్ట్రం మానిటోబాలో. చిన్నప్పుడు మా నాన్న ధాన్యం లారీలో పక్కన కూర్చుని అడ్డరోడ్లు లెక్కపెట్టేదాన్ని. ఒక్కో అడ్డరోడ్డు ఒక్కో మైలు. "నా మైళ్ళ మీటరు ఇదిగో" అని నాన్న అందరికీ నన్ను చూపించేవాడు. బళ్ళో ఏ లెక్కా రాలేదు గానీ ఆ లెక్క మాత్రం నాకు ఎప్పుడూ తప్పలేదు. డేల్‌తో ఈ సస్కాచెవాన్‌కు వచ్చాక కూడా అంతే. మా ఇల్లు టాన్సెల్‌కు తూర్పున ఎనిమిది మైళ్ళు. ఎనిమిది అడ్డరోడ్లు. ఆరేళ్ళుగా లెక్కపెడుతున్నాను, ఎప్పుడూ ఎనిమిదే. ఉత్తరం రోడ్డు మీద నాకు ఏ పనీ పడలేదు.

ఒకటి అన్నాను. పెదాలు కదుపుతూ, పైకే. చాలాసేపటికి రెండు. ఆకాశం నిండా తెల్ల బాతులు దక్షిణానికి పోతున్నాయి. ఆ బోర్డు ఆవిడ ముఖం ఎలా ఉంటుందో, బ్రిన్ భయపడితే నేనేం చేయాలో, ఇవే ఆలోచనలు. మూడు.

"అమ్మా, ఇక్కడే," అంది బ్రిన్. "ఇదే ఆరు. టీచరు చూపించిన మ్యాపులో..."

"ఉష్! నోరు మూసుకో కాసేపు. లెక్క తప్పుతుంది!"

గట్టిగానే అన్నాను. అంత గట్టిగా అనాలని కాదు. మూడు, మూడు, మూడు అని మనసులో పట్టుకుని ఉన్నాను, అది జారిపోతుందేమోనని. బ్రిన్ నోరు మూసుకుంది. ఉల్లిపాయను ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. చిన్న లోయలోకి దిగి ఎక్కాం. నాలుగు. అయిదు. ఆరు. అడ్డరోడ్డు పక్కన ఆపి, "చూశావా, అమ్మ మనల్ని సరిగ్గా తెచ్చేసింది" అన్నాను.

అది దిగి, గడ్డకట్టిన కంకరలో రాయితో కొట్టి కొట్టి పుల్ల పాతింది. నీలం ఉల్లిపాయ, పైన పచ్చటి మొలక. దాని చుట్టూ ఎటు చూసినా కోసేసిన చేను, ఆకాశం.

హీటరు వేసుకుని బండిలో కూర్చున్నాం. పదకొండయింది. ఒక్క పెరోగీ తింది. "ఒకసారి చెప్పి చూపించు తల్లీ, గొంతు వేడెక్కుతుంది" అన్నాను. తల అడ్డంగా ఊపింది. పదిలం చేసుకుంటోంది కాబోలు, అసలు సమయానికి దాచుకుంటోంది కాబోలు అనుకున్నాను. పన్నెండున్నరకు నా చెయ్యి పట్టుకుని మేం వచ్చిన దారి వైపు వేలు చూపించింది. "అవునమ్మా, వాళ్ళు అటు నుంచే వస్తారు" అన్నాను. వేలు దించేసింది.

ఒంటిగంటా పది. దిగి పుల్ల పక్కన నిలబడ్డాం. నేను ముందు దాని ఉన్ని టోపీ సర్దాను, తర్వాత మఫ్లరు సర్దాను, మళ్ళీ టోపీ. రోడ్డు ఖాళీగా ఉంది. ఒకటిన్నర. ఫోనులో సిగ్నల్ లేదు. ఒంటిగంటా ముప్పావు. గాలికి బ్రిన్ కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. నాకు కోపం వస్తోంది, వాళ్ళందరి మీదా. మమ్మల్ని మర్చిపోయారు, మాట్లాడని పిల్ల కదా, దాని దగ్గరికి ఎవరొస్తారు, దగ్గరలో ఉన్న గ్రహాలతో మాట్లాడుకుని ఇళ్ళకు పోయుంటారు. ఇలా పైకే అన్నాను కూడా.

రెండుంబావుకు ఒక ధాన్యం లారీ వచ్చి ఆగింది. తలకు చెవుల టోపీ పెట్టుకున్న ముసలాయన అద్దం దించాడు. ఒరెస్ట్ అని, ఆ లోయ అవతలి రైతు. చర్చి భోజనాల దగ్గర చూసిన ముఖమే.

"ఏం అమ్మాయ్, బండి మొరాయించిందా?"

"లేదండీ. నెప్ట్యూన్ కోసం. లాంతరు ఇంకా రాలేదు."

ఆయన పుల్లనూ ఉల్లిపాయనూ చూశాడు. టోపీ వెనక్కి నెట్టుకున్నాడు. "నెప్ట్యూన్ ఇక్కడెందుకుంటుంది? నా పిల్లలిద్దరూ ఆ లాంతరు మోసినవాళ్ళే. నెప్ట్యూన్ ఎప్పుడూ మా అన్న చేను మూల మీద నిలబడుతుంది. ఆరు మైళ్ళు వెనక్కి."

"ఇది ఆరో అడ్డరోడ్డు కదండీ."

"ఆరోదే. పన్నెండు మైళ్ళు." నా ముఖం చూసి మళ్ళీ అన్నాడు. "నువ్వు మానిటోబా పిల్లవా? అదీ సంగతి! మీ దగ్గర ఎటు పోయినా మైలుకో అడ్డరోడ్డు. ఇక్కడ తూర్పుకీ పడమరకీ పోతే మైలుకొకటి, ఉత్తరానికి పోతే రెండు మైళ్ళకొకటి. మా ఆవిడదీ మీ వైపే. పెళ్ళైన కొత్తలో మా అమ్మ దగ్గరికని బయలుదేరి, పొద్దుగూకే దాకా ఎవరెవరి ఇళ్ళ తలుపులో కొట్టింది." నవ్వాడు. "ఈ లెక్కన నువ్వు వాళ్ళు తీసేసిన ఆ బుల్లి గ్రహాన్ని కూడా దాటొచ్చేశావ్, అమ్మాయ్!"

ఆయన మంచివాడు. నవ్వించాలనే అన్నాడు. నేను బ్రిన్ వైపు చూశాను. నేను చెప్పాను కదా అమ్మా అని అంటుందనుకున్నాను. అంటే బాగుండేది. అది బండి తలుపు దగ్గర నిలబడి, ఎక్కించమని చేతులు చాపింది.

ఆరు మైళ్ళూ ఎలా నడిపానో తెలియదు. మూడో అడ్డరోడ్డు దగ్గర పసుపు బస్సు, మిసెస్ ఓల్ఫర్ట్ కారు, ఇంకో తెల్ల కారు కనిపించాక గుర్తొచ్చింది, ఉల్లిపాయ అక్కడే మర్చిపోయాం.

"నెప్ట్యూన్ వచ్చింది! వెనకవైపు నుంచి వచ్చిందిరోయ్!" అని బస్సులోంచి ఎవరో అరిచారు. అద్దాల నిండా పిల్లల ముఖాలు.

మిసెస్ ఓల్ఫర్ట్ పరుగున వచ్చింది. ఆవిడ ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది. "ఏమైపోయావు జనెల్? మీ ఇంటికి కూడా మనిషిని పంపాను. బ్రిన్ బాగానే ఉందా?"

తెల్ల కారులోంచి బోర్డు ఆవిడ దిగింది. మిస్ హాల్వర్సన్. నేను భయపడినట్టు లేదు ఆవిడ. సన్నగా, బూట్లలో కాళ్ళు గడ్డకట్టి కుంటుతూ ఉంది. "గంటంబావు నుంచి ఉన్నాం," అంది మెల్లగా. "ఇంకో పది నిమిషాలు ఉండగలను. నేను చాలా దూరం పోవాలి. అసలేమైందమ్మా?"

అక్కడ చెప్పాల్సింది. నా కూతురికి దారి తెలుసు, మ్యాపు చదివింది, ఇక్కడే ఆపమని నోటితో చెప్పింది, నేనే దాని నోరు మూయించాను అని. ఆ నాలుగు మాటలు. ఎనిమిదేళ్ళ పిల్లకు తెలిసిన మైళ్ళ లెక్క నాకు తెలియదని చెప్పాలి అందుకు. అందరూ నా వైపే చూస్తున్నారు.

"టైరు పంక్చరైంది," అన్నాను.

మిసెస్ ఓల్ఫర్ట్ మా బండి టైర్ల వైపు చూసింది. నాలుగింటి మీదా ఒకటే దుమ్ము. బ్రిన్ కూడా టైర్ల వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. దాని చూపులో కోపం లేదు. కొత్త సంగతి ఒకటి నేర్చుకుంటున్నట్టు చూసింది.

ఆరో తరగతి మరీసా లాంతరు ఎత్తి పట్టుకుంది. పగలు కదా, మంట ఉందో లేదో తెలియనట్టుంది.

"సూర్యుడి దగ్గర్నుంచి వెలుగు తెచ్చాను, ఇక్కడెవరున్నారు?"

బ్రిన్ కంకర మీద కాళ్ళు దగ్గరగా పెట్టి నిలబడింది. చేతుల్లో ఏమీ లేదు. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కోటు అంచు పట్టుకుంది.

"ఇక్కడెవరున్నారు?" అంది మరీసా మళ్ళీ. తర్వాత గొంతు తగ్గించి, "చెప్పవే బ్రిన్, నా చేతులు పీకేస్తున్నాయి. ఒట్టి పేరు చెప్పినా చాలే" అంది.

మిస్ హాల్వర్సన్ మోకాళ్ళ మీద వంగి బ్రిన్ ఎత్తుకు వచ్చింది. "నువ్వు ఎవరివో నాకు చెప్తావా?"

బ్రిన్ పెదాలు కొంచెం విచ్చుకున్నాయి. నేను చూశాను. అప్పుడది నా నోటి వైపు చూసింది. నా పళ్ళు కరుచుకుని ఉన్నాయి, నా అబద్ధం ఎక్కడ బయటికొస్తుందోనని. దాని పెదాలు కూడా మూసుకున్నాయి. నన్ను చూసి మూసుకున్నాయి. గాలి వీస్తోంది. బస్సులో ఎవరో చిన్న పిల్ల, "ఆకలేస్తోంది టీచర్" అంది.

"అది ఇంట్లో చెప్తుందండీ," అన్నాను నేను. "రోజూ చెప్తుంది. నేను నెప్ట్యూన్‌ని, నువ్వు నాలుగు గంటల పది..."

"మీరు కాదమ్మా," అంది మిస్ హాల్వర్సన్. నా మీద జాలిపడే అంది. లేచి నిలబడి మోకాళ్ళు దులుపుకుంది. చేతి గడియారం చూసింది.

మరీసా లాంతరు రోడ్డు మీద పెట్టింది. గ్రహం మాట్లాడకుండా లాంతరు కింద పెట్టడం అదే మొదటిసారట. మిసెస్ ఓల్ఫర్ట్ వంగి, గాజు ఎత్తి, ఊది ఆర్పింది.

మూడు రోజులకు నేను బడికి ఫోను చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను.

"ఆ మాట అక్కడే, ఆవిడ ముందు అని ఉంటే, జనెల్..." అని మిసెస్ ఓల్ఫర్ట్ ఆగిపోయింది. తర్వాత, "రాస్తాను. ఇప్పుడైనా రాస్తాను" అంది. నిజంగానే రెండు పేజీలు రాసింది. నవంబరులో బోర్డు నుంచి జవాబు వచ్చింది. తల్లి చెప్పిన మాటను బిడ్డ మాటగా లెక్కలోకి తీసుకోలేమని, పైగా ఆ రోజు తల్లి చెప్పిన కారణం వేరుగా ఉందని, జనవరి నుంచి పెద్ద ఊరి తరగతి అని. అందులో ఒక్క ముక్కా తప్పని నేను అనలేను.

బ్రిన్ ఇప్పుడు ఇంట్లో కూడా మాట్లాడడం లేదు. మొదట తగ్గించింది. తర్వాత మానేసింది. డేల్ గనిలోంచి వచ్చిన రోజున దాన్ని ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. "ఏదీ నా నెప్ట్యూన్? నాన్నకో మాట చెప్పవే" అన్నాడు. అది ఆయన మెడ మీద ముఖం పెట్టుకుంది. దాని తల మీదుగా ఆయన నా వైపు చూశాడు. నేను గిన్నెలు కడుగుతున్నాను. కడిగినవే మళ్ళీ కడిగాను.

బస్సులో వెళ్ళే రోజులు మొదలు కావడానికి ముందు ఆదివారం, మధ్యాహ్నం, దాన్ని పికప్‌లో ఎక్కించుకున్నాను. ఎందుకో అడగలేదు, అడగదు కదా. బడి ముందు నుంచి ఉత్తరానికి తిప్పాను. గోడ మీద సూర్యుడి సుద్ద మరక ఇంకా కొంచెం ఉంది. రోడ్డంతా గట్టిపడిన మంచు.

మొదటి అడ్డరోడ్డు దగ్గర బండి ఆపాను. "ఎన్ని మైళ్ళమ్మా?" అన్నాను. "నువ్వే చెప్పు. నాకు రాదు. నువ్వు చెప్తే నేను వింటాను."

బ్రిన్ చేతి తొడుగు తీసి రెండు వేళ్ళు చూపించింది.

రెండో దాని దగ్గర నాలుగు. మూడో దాని దగ్గర ఆరు. అక్కడ తల తిప్పుకోలేదు, ఒరెస్ట్ వాళ్ళ అన్న చేను వైపే చూసింది. "అవును, ఇక్కడే," అన్నాను నేను. "నువ్వు చెప్పావు. నువ్వు సరిగ్గా చెప్పావు తల్లీ." లోయ దిగి ఎక్కాం. ఎనిమిది. అయిదో అడ్డరోడ్డు దగ్గర రెండు చేతులూ తెరిచి పది వేళ్ళూ చూపించింది.

ఆరో దాని దగ్గర ఆపాను. పుల్ల ఇంకా ఉంది, ఒక పక్కకు వంగి. ఉల్లిపాయ గడ్డకట్టి నల్లబడింది, నీలం ఎక్కడా లేదు. మొలకను మంచు కప్పేసింది.

"ఎన్ని మైళ్ళు?" అన్నాను.

బ్రిన్ తన చేతులు చూసుకుంది. పది వేళ్ళే ఉన్నాయి. ఇంక చెప్పాలంటే నోటితోనే చెప్పాలి. ఇంజను ఆపేశాను, ఆ చప్పుడు కూడా అడ్డు ఉండకూడదని. దాని వైపు తిరిగి కూర్చున్నాను. ఎంతసేపైనా కూర్చుంటాను అనుకున్నాను.

అద్దాల మీద మా ఊపిరి పొగ పట్టి, గడ్డకట్టి, బయట ఏమీ కనబడకుండా పోయింది. బ్రిన్ ఒక్కో వేలూ మడిచి, చేతి తొడుగులు వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.